చివరి వరసలో చెవి

కంచమ్మ గొంతు ఇరవై రెండో వరస దాకా అందుతుందని ఆ సంగీతశాలలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఎలా తెలుసని మాత్రం అడగకూడదు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ వరసలో కూర్చుని విన్నవాళ్ళు కారు. అక్కడ కూర్చునేది ఒకే ఒక్క మనిషి, కంచమ్మ అక్క. ముప్పై ఏళ్ళుగా ఆ వరస ఆవిడ సొంతం. అందిందని ఆవిడ చెప్పింది, లోకం తలూపింది. తలూపడానికి లోకానికి పోయేదేముంది?

కంచమ్మ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పద్నాలుగేళ్ళప్పుడు మొదటిసారి వేదికెక్కి ఆమె నోరు తెరవగానే, హాలు చివర గోడకి ఆనుకుని నిలబడ్డ గురువుగారు "కంచురా ఇది" అన్నాడట. శిష్యులు చేరాక ఆ కంచుకి అమ్మ తగిలించారు. ఆ రోజే అక్క కూడా పాడింది. అక్కకప్పుడు పంతొమ్మిది. పాట అయ్యాక గురువుగారు ఏమీ అనలేదు. తంబూరాలో ఒక తీగని వెంట్రుకవాసి దించి "ఏం తేడా?" అని అడిగాడు. చెల్లెలు తెల్లమొహం వేసింది. అక్క ఏ తీగో, ఎంత దిగిందో ఠక్కున చెప్పింది. అంతే, పంపకాలు అయిపోయాయి. చిన్నదానికి గొంతు, పెద్దదానికి చెవి. మనుషుల్ని ఇలా ముక్కలు చేసి పంచడం గురువులకి మహా సులువు. మిగతా మనిషి ఏమైపోతుందో వాళ్ళకి పట్టదు.

మైకంటే గురువుగారికి ఒళ్ళుమంట. "గొంతుకి పెన్షను ఇప్పించడమే అది" అనేవాడు. మైకు లేకుండా పాటని హాలంతా నింపడానికి ఆయన నేర్పిన పద్ధతి చెప్పడానికి నాలుగు మాటలు, చెయ్యడానికి ఒక జన్మ. ఊపిరి పొట్ట అడుగు నుంచి రావాలి. దవడ వేలాడాలి. మెడ మెత్తగా ఉండాలి. నాదం గొంతులో కాకుండా ముక్కు వెనక ఎముకలో మోగాలి. అచ్చుల్ని సాగనివ్వాలి, హల్లుల్ని తుంచాలి. అలా పాడితే గొంతు తన దారిన తను పోయి వెనక గోడని తాకుతుంది. ఇందులో ఒక పెద్ద చిక్కు ఉంది. సరిగ్గా పాడుతున్నప్పుడు పాడే మనిషికి తన గొంతు చిన్నగా, ఉందా లేదా అన్నట్టుగా వినపడుతుంది. ముందుకి వెళ్ళిపోయాక ఇక తన దగ్గర ఏం మిగులుతుంది? చెవులు గింగురుమంటున్నాయంటే పాట తన చుట్టూనే తిరుగుతోందని అర్థం.

కాబట్టి తన పాట అందిందో లేదో పాడేవాళ్ళకి తెలిసే దారి లేదు. దూరంగా ఒక చెవి ఉండాలి. చివరి వరసలో మధ్య కుర్చీ అక్కది. చేతిలో తెల్లటి తువ్వాలు. తువ్వాలు ఒళ్ళో ఉంటే ప్రతి మాటా అందుతోందని, భుజం మీదకి ఎక్కితే అందడం లేదని గుర్తు. హాలు నిండిన రోజు జనం బట్టలే సగం నాదాన్ని తాగేస్తాయి. వాన పడితే గాలి బరువెక్కి పాట నేలకి దిగిపోతుంది. ఏ రోజు ఎంత పాడాలో తువ్వాలు చెప్పేది. కంచమ్మ కళ్ళు మూసుకుని తన్మయంగా పాడుతుందని పత్రికలవాళ్ళు రాశారు. శుద్ధ అబద్ధం. ఆమెవి ఎప్పుడూ అరమోడ్పు కళ్ళే, ఆ సందులోంచి చూసేది తువ్వాలుని.

గురువుగారు పోయి పదకొండేళ్ళయింది. ఆయన పేరు మీద శాలలో ఏటా ఒక సభ జరుగుతుంది, కంచమ్మ మైకు లేకుండా రెండు గంటలు పాడుతుంది. మొదట్లో అక్క వరస తప్ప ఇరవై ఒక్క వరసలూ నిండేవి. ఈమధ్య జనం పద్నాలుగో వరస దాటడం లేదు. సెక్రటరీ, బట్టతల మీద మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ గట్టి క్రమశిక్షణలో పెట్టుకునే మనిషి, మూడేళ్ళుగా మైకు పాట ఎత్తుకున్నాడు.

"కంచమ్మగారూ, వెనక కూర్చుంటే వినపడట్లేదని జనం రావట్లేదండీ."

"ఎవరికి వినపడట్లేదు? అందరికన్నా వెనక మా అక్క కూర్చుంటుంది. వెళ్ళి అడగండి."

ఆయన వెళ్ళి అడిగేవాడు. అక్క చిరునవ్వు నవ్వి తలూపేది. దాంతో ఆ ఏడాదికి ఆయన నోటికి తాళం పడేది. ఈసారి మాత్రం కమిటీ చేత తీర్మానం చేయించుకుని మరీ వచ్చాడు.

"ఈ ఒక్క సభ చూస్తామండీ. తేడా వస్తే వచ్చే ఏడు మైకు పెట్టేస్తాం. మీరేమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటుంది? మైకు లేకుండా పాడేవాళ్ళలో ఆ శాలలో మిగిలింది తనొక్కతే. ఆ పేరు కాస్తా పోతే ఇక తనెవరు? పొద్దున్నే పిల్లలకి స్వరాలు చెప్పే ముసలి పంతులమ్మ, అంతేగా. యాభై రెండేళ్ళు వచ్చాక మనిషికి ఇంకో పేరు సంపాదించుకునే ఓపిక ఉండదు.

సరిగ్గా నెల ఉందనగా గొంతు మొరాయించింది. పై స్వరం దగ్గర బొంగురు. పొద్దున్న లేవగానే లోపల పచ్చిపుండు మీద గీరినట్టు నొప్పి. గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, లోపలిదంతా తెర మీద ఆమెకే చూపించాడు.

"ఇదిగోండి, ఇక్కడ ఎర్రగా ఉబ్బిందే, అది రక్తనాళం. తేలిగ్గా పాడుకుంటే నెమ్మదిగా తగ్గిపోతుంది. ఒక్కసారి గట్టిగా అరిచారనుకోండి, చిట్లుతుంది. చిట్లితే ఇక పాట సంగతి మర్చిపోండి."

"నేను అరవను డాక్టరుగారూ. పాడతాను."

"ఏదీ, ఒక్క ముక్క పాడండి."

పాడింది. డాక్టరు రెండు వేళ్ళతో ఆమె మెడ తడిమి చూసి నవ్వాడు.

"ఇది మెడా, మోపు కట్టే తాడా? ఇలా బిగబట్టమని ఎవరండీ నేర్పింది?"

ఎవరూ నేర్పలేదు. మెడ మెత్తగా ఉంచాలని తనే రోజూ పాతికమంది పిల్లలకి చెబుతుంది. ఈ బిగువు ఎప్పుడు పట్టుకుందో, ఎలా పట్టుకుందో దారంతా ఆలోచించినా కంచమ్మకి తట్టలేదు.

మర్నాడు సాధనకి హాలుకి వెళ్ళారు. పెద్ద శిష్యురాలు తంబూరా పట్టింది. అక్క తన కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీల వెనక నడవాలో, ఊడ్చే ఆమె తన పని తను చేసుకుంటోంది. కంచమ్మ డాక్టరు మాటా గురువు మాటా రెండూ తలుచుకుని, దవడ వదిలేసి, మెడ వదిలేసి, ఎన్నేళ్ళకో హాయిగా పాడింది. గొంతు తనకి చిన్నగా వినపడింది. ముక్కు వెనక ఎముక సన్నగా జుమ్మంది. బాగుంది అనుకుంది. అనుకుంటుండగానే తువ్వాలు భుజం మీదకి ఎక్కింది.

ఇంకాస్త ఊపిరి తీసింది. తువ్వాలు దిగలేదు. మరికాస్త. ఉహూ. చివరికి ఉక్రోషం ఆగక, మెడ నరాలు తేలేలా బిగించి రెండు పంక్తులు పాడింది. తువ్వాలు బుద్ధిగా ఒళ్ళోకి వచ్చి పడుకుంది. కంచమ్మకి గొంతులో మంట, కళ్ళలో నీళ్ళు.

పాట ఆపేసి వెనక గుమ్మం వైపు నడుస్తుంటే ఊడ్చే ఆమె పలకరించింది.

"అమ్మగారూ, ఇవాళ మొదట పాడారు చూడండి, ఎంత బాగుందో. మాటమాటా నా చెవిలో చెప్పినట్టుంది. తర్వాత ఎందుకమ్మా అలా మేకులు దిగ్గొట్టినట్టు పాడారు?"

"మొదటిది నీకు వినపడిందా?"

"అదేంటమ్మా, ఇక్కడే ఉన్నాగా. నాకేం చెవుడా?"

అక్క అప్పటికే తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని గుమ్మం దాటింది.

ఆ మధ్యాహ్నం కంచమ్మ మనసులో పుట్టిన ఆలోచన మంచిది కాదు. అక్కకి కడుపుమంట అనుకుంది. ముప్పై ఏళ్ళు వెనక చీకట్లో కూర్చోబెడితే ఎవరికైనా పుడుతుంది. చప్పట్లన్నీ నాకు, తువ్వాలొక్కటీ తనకి. బాగున్నదాన్ని బాగాలేదనీ, బాగాలేనిదాన్ని బాగుందనీ చెప్పి, నా గొంతు నా చేతే పిసికిస్తోంది. ఈ ఆలోచనతో ఆమెకి కాస్త తృప్తి కూడా కలిగింది, దాచడం దేనికి? గొంతు పాడవడంలో తన తప్పేమీ లేదని తేలిపోయింది కదా.

ముఖాన్నే అడిగెయ్యొచ్చు. ఇద్దరూ ఉండేది ఒకే ఇల్లు. పెళ్ళిళ్ళు కాలేదు. చిన్నావిడకి పాట అడ్డం వచ్చింది, పెద్దావిడకి చెల్లెలు అడ్డం వచ్చింది. కానీ ఆ ఇంట్లో మాటలు లేవు. అలకలూ గొడవలూ ఏమీ కాదు, అదొక పద్ధతి. సభకి నలభై రోజుల ముందు నుంచీ పాటకీ పాఠానికీ తప్ప ఇంట్లో నోరు విప్పకూడదని గురువుగారి నియమం. ఆయన నలభై రోజులే అన్నాడు. కంచమ్మ దాన్ని ఏడాది పొడుగునా సాగదీసింది. వంటింటి గోడకి ఒక పలక, దానికి దారంతో కట్టిన బలపం. 'ఉప్పు తక్కువ.' 'రేపు పెందలాడే.' 'డాక్టరు దగ్గరికి.' అక్క చదువుకుని, తలూపి, తుడిచేసేది. అక్కచెల్లెళ్ళ ముప్పై ఏళ్ళ సంసారం ఆ పలక మీదే గడిచింది. చూసినవాళ్ళు ఎంత నిష్ఠ అని ముచ్చటపడేవాళ్ళు.

పలక మీద రాసి నిలదీస్తే ఒప్పుకోదు, రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలి అనుకుంది కంచమ్మ. అసలు పాడకుండా ఊరికే నోరు ఆడిస్తే? తెల్లబోయి లేచి వస్తుంది, ఏమైందే అని అడుగుతుంది. అప్పుడు అనొచ్చు, ఇవాళ ఇంత చక్కగా వింటున్నావే, నిన్న ఏమైంది నీ చెవికి అని. ఆ మాటని రెండు మూడు రకాలుగా అద్దం ముందు పెదాలతోనే అనుకుని చూసుకుంది కూడా.

పొద్దున శిష్యురాలి చెవిలో చెప్పింది, తంబూరా మీద వేళ్ళు ఆడించు, తీగ తాకకు అని. ఆ పిల్ల బిత్తరపోయినా, గురువు చెప్పాక ఎందుకని అడిగే రకం కాదు. కంచమ్మ చేత్తో తాళం వేస్తూ నోరు తెరిచింది. మెడ నిన్నటిలాగే బిగించింది. పెదాలు పాటంతా పాడాయి. శబ్దం లేదు. హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక ఊడ్చే ఆమె చీపురు ఆపి, నోరు వెళ్ళబెట్టి చూస్తోంది.

ఆమెకి రెండడుగుల ముందు అక్క కూర్చుని ఉంది. తువ్వాలు ఒళ్ళో ఉంది. చెల్లెలి చేతిని చూసి తను కూడా తొడ మీద తాళం వేస్తోంది. చరణం ముగిసిన చోట, ఆహా, అన్నట్టు తల ఆడించింది.

కంచమ్మ పెదాలు ఆపకుండానే మెడ సడలించింది. తువ్వాలు భుజం మీదకి ఎక్కింది. మళ్ళీ బిగించింది. దిగింది. సడలించింది. ఎక్కింది. నాలుగోసారి చూసే ధైర్యం లేకపోయింది.

అక్క వినడం లేదు. చూస్తోంది. నరాలు తేలితే అందినట్టు, తేలకపోతే అందనట్టు. గురువు నేర్పిన పద్ధతిలో హాయిగా పాడిన ప్రతిసారీ తువ్వాలు కాదంది. పీక పిసుక్కున్న ప్రతిసారీ భేష్ అంది. ఆ మెచ్చుకోలు కోసం కంచమ్మ పాట మొత్తం తిరగరాసుకుంది. పద్నాలుగో వరస వెనక కుర్చీలు ఎందుకు ఖాళీ అయ్యాయో ఇప్పుడు తెలిసింది. ఇక ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. 'ఈ ఫోన్లు నాకు పడవు, నువ్వే తీసుకో' అని పలక మీద రాసి అక్క ఫోను ముట్టుకోవడం మానేసింది. పాటలు విని విని విసుగొచ్చిందని రేడియో ఎవరికో ఇచ్చేసింది. ఎవరైనా వస్తారంటే కిటికీ దగ్గరే కూర్చుని వీధిలోకి చూస్తూ ఉంటుంది. ఇవన్నీ కళ్ళెదుటే జరిగాయి.

ఇంటికొచ్చేసరికి అక్క మంచం మీద ఉతికిన బట్టలు కుప్ప పోసుకుని మడతపెడుతోంది. కంచమ్మ వెనక నుంచి మామూలు గొంతుతో "అక్కా" అంది. జవాబు లేదు. మళ్ళీ అంది. లేదు. వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నీకు వినపడదు కదూ?"

అక్క ఆమె పెదాల వైపు చూసింది. చేతిలో దిండుగలీబు నాలుగు మడతలు వేసి పక్కన పెట్టింది. అబద్ధం ఆడుదామని కాసేపు చూసినట్టుంది, ఎందుకో ఆడలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఆరేళ్ళు." అక్క గొంతు గుసగుసలా వచ్చింది. "ముందు కుడిచెవి పోయింది. ఎడమది ఉందిలే అనుకున్నా. అదీ పోయింది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ కుర్చీలో ఇంకొకళ్ళని కూర్చోబెట్టేదానివి."

"కూర్చోబెట్టేదాన్నే! నా గొంతు దక్కేది."

"నీ గొంతు దక్కేది. నాకేం దక్కేది? వంట చేసి, బట్టలు ఉతికి, ఇంట్లో కూర్చోవడమేగా. ఏడాదికొక్కసారి హాల్లోకి వస్తూ జనం నన్ను ఒకళ్ళకొకళ్ళు చూపించుకుంటారు, అదిగో ఆవిడే ఆ చెవి అని. అదొక్కటే కదే నాకున్నది."

"అందుకని నన్ను చంపుతావా? మెడ చూసి తువ్వాలు ఊపుతావా?"

"గట్టిగా పాడితే నరాలు తేలతాయి కదా అనుకున్నా. నాకేం తెలుసు? నీకు నొప్పెడుతోందని నువ్వేనాడైనా చెప్పావా?" అక్క మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం అలాగే అణిచిపెట్టి మాట్లాడుతోంది. "ఇదిగో, నా మాట ఎంత పైకి లేస్తోందో కూడా నాకు తెలీదు. బయటపడిపోతానని నాలుగిళ్ళవాళ్ళతో మాటలు మానేశా. ఆరేళ్ళు నీ ఎదురుగా తిరిగా. పక్కపక్క కంచాల ముందు కూర్చున్నాం. నీకు తెలియలేదు. ఎలా తెలుస్తుంది, నాతో మాట్లాడితేగా? ఊరందరికీ గొంతు, నాకు బలపం ముక్క. చెవులు బాగున్నప్పుడు మాత్రం నీ మాట ఏం విన్నానని? పోయాక నాకేమీ తేడా తెలియలేదే, నిజం చెబుతున్నా."

ఈ చివరి మాట కంచమ్మకి తగలరాని చోట తగిలింది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేసరికి అక్క అటు తిరిగిపోయి మళ్ళీ బట్టలు అందుకుంది. వినపడని మనిషికి అదొక సదుపాయం. వెనక్కి తిరిగితే చాలు, ఎదుటి మనిషి లేనట్టే.

ఆ వీపు చూసేసరికి కంచమ్మకి ఒళ్ళు తెలియలేదు. డాక్టరు చెప్పింది గుర్తులేదు. ఎప్పుడూ గొంతు దాచుకుని దాచుకుని బతికిన మనిషి, మూడడుగుల దూరంలో ఉన్న వీపు మీదకి ఉన్నదంతా తీసి అరిచింది.

"నా బతుకు తినేశావే నువ్వు!"

'నువ్వు' సగంలో తెగింది. లోపల ఏదో వెచ్చగా జారింది. తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. అరుపుకి పక్కింటి తలుపు తెరుచుకుంది. అక్క దుప్పటి అంచులు కలిపి, రెండు మడతలు వేసి, దొంతర ఎత్తుకుని ఇటు తిరిగింది. చెల్లెలు గొంతు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

"ఏమన్నా అన్నావా?" అని అడిగింది అక్క.

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. మూడు నెలలు గుసగుస కూడా వద్దన్నాడు. ఆ తర్వాత మాట వస్తుంది, ఎలాంటి మాటో చూడాలి అన్నాడు. పాట గురించి ఆమె చేత్తో సైగ చేస్తే, చూడనట్టు కాగితాలు సర్దుకున్నాడు.

సెక్రటరీ పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. మనిషికి లోపల సంతోషమే, కానీ మొహం చక్కగా దిగులుగా పెట్టుకున్నాడు. సభ పెద్ద శిష్యురాలి చేత చేయిస్తున్నామనీ, ఆ పిల్లది చిన్న గొంతు కనక మైకు తప్పదనీ నసిగాడు. కంచమ్మ పలక అందుకుని 'మా అక్కకి వినపడదు' అని రాసింది. ఆయన కళ్ళజోడు కోసం జేబు తడుముకుంటున్నాడు. ఆ కాస్త వ్యవధిలో ఆమెకి అంతా కళ్ళకి కట్టింది. అక్కకి వినపడదంటే, మరి ఇరవై రెండో వరస దాకా అందిందని ఎవరు చెప్పారు? ఈ ఆరేళ్ళ సభలూ? ఆ ముందువి మాత్రం ఎవరు నమ్ముతారు? చెవిటిదాని సాక్ష్యంతో పాడుకుందని జన్మంతా నవ్వుతారు. చీరకొంగుతో పలక గబగబా తుడిచేసింది. అక్క మీద జాలితో తుడవలేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

"ఏంటండీ రాశారు?" అన్నాడు సెక్రటరీ, కళ్ళజోడు పెట్టుకుని.

'మీ ఇష్టం' అని రాసింది.

సభనాడు హాలు కిక్కిరిసింది. మైకు ఉందని చెప్పారేమో, ఇరవై ఒక్క వరసలూ నిండాయి. వేదిక మీద చోటు లేని కంచమ్మకి కూర్చోవడానికి మిగిలింది అక్క పక్క కుర్చీయే. ఇద్దరూ ఆ రోజు నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అక్క తువ్వాలు ఒళ్ళో పెట్టుకునే వచ్చింది. వద్దని చెప్పినవాళ్ళు లేరు.

శిష్యురాలు మైకుని దాదాపు ముద్దుపెట్టుకుంటూ పాడింది. తప్పులేమీ లేవు. హాలుకి నాలుగు మూలల నుంచీ ఒకే పాట పెట్టెల్లోంచి వచ్చి పడుతుంటే, కంచమ్మ ఊపిరి ఎక్కడ తీస్తోందో, మెడ ఎలా పెట్టిందో చూస్తూ కూర్చుంది. మెడ మెత్తగానే ఉంది. మైకుంటే మెడకి ఏం కష్టం? పాట అయింది, చప్పట్లు అయ్యాయి. సెక్రటరీ వేదికెక్కి మైకు నోటికి ఆనించుకున్నాడు.

"మన కంచమ్మగారు అనారోగ్యం వల్ల ఇవాళ పాడలేకపోయారు. అయినా ఈ సందర్భంలో మనం మర్చిపోకూడని మనిషి ఇంకొకరు ఉన్నారు. ముప్పై ఏళ్ళు చివరి వరసలో కూర్చుని, ఆ గొంతు ప్రతి మాటా మనకి అందిందో లేదో విని చెప్పిన వారి అక్కగారు. ఈ శాలలో అంతటి చెవి ఇంకొకటి లేదు. ఒక్కసారి లేచి నిలబడాలని కోరుతున్నాను."

జనం చప్పట్లు కొట్టారు. ఇరవై ఒక్క వరసల తలలూ వెనక్కి తిరిగాయి. అక్క ముందుకే చూస్తూ కూర్చుంది. సెక్రటరీ పెదాలు ఆమెకి కనపడవు. మైకు అడ్డం. ఇంతమంది తన వైపే ఎందుకు తిరిగారో తెలియక మొదట కొంగు సర్దుకుంది, తర్వాత తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. గోడ ఉంది. చప్పట్లు ఆగడం లేదు, తలలు మళ్ళీ ముందుకి తిరగడం లేదు. భయపడిపోయి చెల్లెలి మొహంలోకి చూసింది.

మోచేత్తో చిన్నగా పొడిస్తే చాలు. లేచి నిలబడమని గడ్డం ఎత్తితే చాలు. లేచి, దండం పెట్టి, కూర్చునేది. ఆ సంగతి అక్కడితో అయిపోయేది, ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. కంచమ్మకి అదంతా తెలుసు. పక్కనుంచి అక్క చూపు తన చెంప మీద ఉందని కూడా తెలుసు. బాధపడనీ ఒక్క నిమిషం అనుకుంది. తల తిప్పకుండా వేదిక వైపే చూస్తూ కూర్చుంది.

"ఏమైందే? ఎందుకే అందరూ నన్నే చూస్తున్నారు? నాకేమీ వినపడట్లేదు, చెప్పవే!"

గుసగుసగా అడిగాననుకుంది అక్క. ఆ మాట చివరి వరసలో పుట్టి, నిండు హాలు మీదుగా, ఒక్క అక్షరం చెదరకుండా వేదిక దాకా వెళ్ళింది. సెక్రటరీ మైకు నోటి దగ్గర నుంచి తీసేశాడు. చప్పట్లు మొదట వెనక వరసల్లో, తర్వాత ముందు వరసల్లో ఆగిపోయాయి.

"వినపడట్లేదా? ఆవిడకా?" అన్నారెవరో మధ్య వరసలోంచి.

"మరి ఇన్నేళ్ళూ..." అని ఇంకెవరో మొదలుపెట్టి ఆపేశారు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తలలన్నీ అక్క మీద నుంచి మెల్లిగా కంచమ్మ వైపు తిరిగాయి. ఆమె లేచి నిలబడింది. ఏదో ఒకటి చెప్పాలి, ముందు నుంచీ ఇలా కాదని, ఒకప్పుడు నిజంగానే అందేదని చెప్పాలి. నోరు తెరిచింది. గాలి వచ్చింది.

పక్కన అక్క ఆమె చెయ్యి పట్టుకుని లాగుతూ, ఏమైందో చెప్పమని ఇంకా అడుగుతూనే ఉంది.